ఖిలా వరంగల్: ఓడిపోయిన కోట చెప్పే చరిత్ర



వరంగల్ అనగానే కళ్ళ ముందు కదిలేది కాకతీయ తోరణం. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఆ తోరణానికీ చోటు దక్కింది. ఊరి పొలిమేరలో స్వాగత ద్వారం కట్టినా, సభకు వేదిక అలంకరించినా, పెళ్ళి పందిరికి ముందు గేటు నిలబెట్టినా మనవాళ్ళు ఆ ఆకారమే కోరుకుంటారు. దాన్ని చూడగానే వైభవం, విజయం అనే మాటలు మనసులోకి వస్తాయి. ఆ మాటల్లో తప్పేమీ లేదు. కానీ ఆ తోరణాలు ఈనాడు మనకు ఖాళీ ఆకాశం ముందు ఒంటరిగా కనబడుతున్నాయంటే కారణం ఒక యుద్ధం. అవి ఒక పెద్ద శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిచిన వాకిళ్ళు. మధ్యలో ఉండాల్సిన గుడి లేదు. 1323లో ఓరుగల్లు ఓడిపోయింది. ఆ ఓటమి తరువాత మిగిలినవే మనం చూస్తున్న తోరణాలు.

ఈ పూట నేను మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఓటమి గురించి, దాన్ని మనం ఎలా కాపాడుకుంటున్నామన్న దాని గురించి.

ముందు కోట సంగతి చెప్పుకుందాం. కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా, అరవై ఏళ్ళకు పైగా పాలించాడు. ఓరుగల్లు కోట ఆయన కాలంలో రూపు దిద్దుకుంది. ఆయన కూతురు రుద్రమదేవి రాతి గోడను ఇరవై అడుగులకు పైగా ఎత్తు లేపించింది. దాని బయట మరో మట్టికోట కట్టించింది. ఆ మట్టికోట ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు రెండున్నర కిలోమీటర్లు. దాని చుట్టూ తవ్వించిన అగడ్త వెడల్పు 150 అడుగులని చెబుతారు. లోపలి రాతికోటకు 45 బురుజులు. రాయికి రాయి అమర్చి, మధ్యలో సున్నం పెట్టకుండా లేపిన గోడ అది. గోడ లోపలి వైపంతా మెట్లు కట్టారు. ఏ మూల నుంచి శత్రువు వచ్చినా సైనికులు క్షణాల్లో పైకి ఎక్కగలగాలన్నది వాటి ఉద్దేశం. ద్వారాల దగ్గర దారి తిన్నగా పోదు, గోడల మధ్య వంకర తిరుగుతుంది. ఏనుగులు పరుగున వచ్చి తలుపులు గుద్దకుండా ఆ ఏర్పాటు. ఇప్పటికీ మన బండ్లు ఆ మలుపుల్లో నెమ్మదించే కోటలోకి పోతాయి.

ఇంత కట్టుదిట్టం ఊరికే చేయలేదు. యుద్ధం తప్పదని తెలిసినవాళ్ళు కట్టిన కోట ఇది. రుద్రమదేవి కూడా యుద్ధంలోనే మరణించిందని చరిత్రకారులు భావిస్తారు. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికింది. రాణితో పాటు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు కూడా శివలోకం చేరాడని, వాళ్ళ పుణ్యం కోసం ఒక బంటు భూమి దానం చేశాడని ఆ రాయి చెబుతుంది. ఏలినవాళ్ళ కోసం ఒక సామాన్య సేవకుడు వేయించిన శాసనం అది. తరువాతి యుద్ధాల్లో ఈ కోట గోడల మీద ప్రాణాలు విడిచిన వేలమంది బంట్ల పేర్లు మాత్రం చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా కనబడవు.

రుద్రమ తరువాత ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు గద్దె ఎక్కాడు. ఆయన కాలంలోనే ఢిల్లీ సైన్యాలు దక్కనులోకి దిగాయి. 1303లో వచ్చిన మొదటి దండును కాకతీయ సేన ఉప్పరపల్లి దగ్గర తిప్పికొట్టింది. 1309 చివర మాలిక్ కాఫర్ నాయకత్వంలో రెండో దండు బయలుదేరింది. ఆ దండయాత్ర కథను ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఖజాయినుల్ ఫుతూహ్ అనే గ్రంథంలో రాశాడు. ప్రభువును పొగడడానికి రాసిన పుస్తకం కాబట్టి ప్రతి మాటనూ జాగ్రత్తగా తీసుకోవాలి. అయినా శత్రుపక్షం మనిషి కళ్ళతో ఓరుగల్లును చూడడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు.

ఆయన చెప్పిన ఒక సంగతి నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఢిల్లీ సైన్యం ఓరుగల్లు చేరకముందే దారిలో సర్బర్ అనే కోటను ముట్టడించింది. అది ఆదిలాబాదు వైపు ఉన్న సిర్పూరు కావచ్చని చరిత్రకారుల అంచనా. కోటకు నిప్పంటుకుంది. లోపల ఉన్నవాళ్ళలో చాలామంది ఇక గెలవలేమని తెలిసి భార్యాబిడ్డలతో సహా ఆ మంటల్లో దూకారు. ఖుస్రో దాన్ని విజయంగా రాశాడు. ఇన్ని వందల ఏళ్ళ తరువాత చదివే మనకు ఆ వాక్యాల్లో వినబడేది పసిపిల్లల ఏడుపే.

1310 జనవరిలో సైన్యం ఓరుగల్లు చేరింది. కాఫర్ హనుమకొండ గుట్ట ఎక్కి కోటను పరికించాడు. కోట చుట్టూ డేరాలు వేసి, ఏ దళం ఎంత మేర కాపలా కాయాలో గజాల్లో కొలిచి పంచారు. మట్టికోట గోడ ఎంత గట్టిగా ఉందో ఖుస్రో ఆశ్చర్యంగా వర్ణిస్తాడు. ఉక్కు బరిసె కూడా అందులో దిగలేదట. యంత్రాలతో విసిరిన రాళ్ళు దానికి తగిలి వెనక్కి ఎగిరి పడ్డాయట. మన కుమ్మరివాళ్ళకు, ఉప్పరివాళ్ళకు మట్టితో ఉన్న చనువు ఎంతటిదో ఒప్పుకున్నది శత్రువే. ఒక రాత్రి కాకతీయ నాయకుడొకడు వెయ్యిమంది రౌతులతో బయటికి దూసుకొచ్చి దాడి చేశాడు. అయినా నెల తిరిగేలోపు అగడ్తను పూడ్చి శత్రువులు మట్టికోటను పట్టుకున్నారు. ఇక మిగిలింది రాతికోట. లోపల కిక్కిరిసిన జనం, పశువులు.

ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. తన రూపంలో బంగారు బొమ్మ చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి పంపాడని ఖుస్రో రాశాడు. రాజు స్వయంగా రాలేదు, బందీగా తన బొమ్మను పంపాడు. నూరు ఏనుగులు, ఏడు వేల గుర్రాలు ఇచ్చినట్టు బరనీ అనే మరో చరిత్రకారుడు లెక్క చెప్పాడు. ఏటా కప్పం కట్టాలన్నది షరతు. కొల్లసొత్తు బరువుకు మూలుగుతూ వెయ్యి ఒంటెలు ఢిల్లీ చేరాయి.

ఇక్కడ ఒక మాట. కోటకు వచ్చిన సందర్శకులు కోహినూరు ఇక్కడిదేనా అని అడుగుతుంటారు. ఖుస్రో ఆ కొల్లలో సాటిలేని ఒక రత్నం ఉందన్నాడు గానీ అది కోహినూరేనని ఎక్కడా చెప్పలేదు. ఆ ముడి తరువాతి వాళ్ళు వేసింది. వజ్రం ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు దొరికినంత ఆసక్తి, ఆ ముట్టడిలో జనం ఏమయ్యారన్న ప్రశ్నకు దొరకడం లేదు. అదే నా బాధ.

ఆ తరువాతి పన్నెండేళ్ళు ఓరుగల్లుకు ఊపిరి బిగపట్టుకున్న కాలం. 1311లో ఢిల్లీ కోరిక మీద ప్రతాపరుద్రుడి సేనలు పాండ్యుల మీదికి కూడా వెళ్ళాయి. కప్పం ఆగినప్పుడల్లా దండు వచ్చేది. 1318లో మళ్ళీ ముట్టడి, మళ్ళీ సంధి. సుల్తాను పంపిన గొడుగు, దుస్తులు అందుకుని రాజు కోట గోడ మీద నిలబడి ఢిల్లీ వైపు తిరిగి వంగి నమస్కరించాడని ఖుస్రో రాతల వల్ల తెలుస్తోంది. ఆ గోడ మనం సాయంత్రాలు గాలికి నడిచే గోడే.

1320లో ఢిల్లీలో తుగ్లకులు అధికారానికి వచ్చారు. ఆ గందరగోళంలో ప్రతాపరుద్రుడు కప్పం ఆపేశాడు. గియాసుద్దీన్ తుగ్లక్ తన కొడుకు ఉలుగ్ ఖాన్‌ను పంపాడు. ఇతడే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. మొదటి ముట్టడి నెలల తరబడి సాగింది. కోటలో తిండి తగ్గింది. అటు శత్రు శిబిరంలోనూ దిగులు మొదలైంది. ఢిల్లీ నుంచి క్రమం తప్పకుండా రావలసిన తపాలా ఉన్నట్టుండి ఆగిపోయింది. ఉబైద్ అనే కవి మరొకతనితో కలిసి సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టించాడని బరనీ రాశాడు. సేనానులు బెదిరి విడిపోయారు. ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనక్కి తగ్గాడు. కాకతీయ సైన్యం వెంటాడి తరిమింది.

గండం గడిచిందనుకున్నారు ఓరుగల్లు జనం. రాజు పెద్ద విందు చేశాడని, గాదెలు తెరిపించాడని, వచ్చే ముట్టడికి దాచవలసిన ధాన్యం అలా ఖర్చయిపోయిందని చరిత్రకారులు చెబుతారు. నెలల పాటు ఆకలిని చూసిన జనం పండుగ చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ కొద్ది నెలలకే కొత్త సైన్యంతో ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చాడు. దారిలో బీదరును, బోధనును పట్టుకుని, వెనక నుంచి ఎవరూ దారి తెంచకుండా చూసుకుని మరీ వచ్చాడు. కోటలో గింజలు లేవు. పంట చేతికి వచ్చే వ్యవధి లేదు. అయినా అయిదు నెలలు నిలబడ్డారు. అయిదు నెలలు! కాకతీయుల వైభవం గురించి చెప్పేటప్పుడు నేను ముందు చెప్పేది ఆ అయిదు నెలల గురించే. ఆకలితో ఉన్న జనం, గెలుస్తామన్న ఆశ లేకుండా, చుట్టూ బలమైన శత్రు సైన్యం మోహరించి ఉండగా గోడ వదలలేదు.

1323లో ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. నగరం దోపిడీకి గురయ్యింది. నడిమధ్యన ఉన్న స్వయంభూ శివాలయాన్ని కూల్చారు. ఊరి పేరును సుల్తాన్‌పూర్‌గా మార్చారు. రాజును కుటుంబంతో సహా ఢిల్లీకి తరలించారు. ఆయన ఢిల్లీ చేరలేదు.

ఎలా చనిపోయాడన్నది రెండు శాసనాలు చెబుతాయి. కోనసీమలోని విలస గ్రామానికి సంబంధించిన తామ్రశాసనం ముసునూరి ప్రోలయ నాయకుడిది, దాదాపు 1330 నాటిది. బందీగా తీసుకుపోతుండగా నర్మదా తీరంలో రాజు మరణించాడని అది తెలుపుతుంది. దాదాపు వందేళ్ళ తరువాత, 1423లో, రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం రాజు తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్ళాడంటుంది. బందీగా బతకడం ఇష్టంలేక తానే ప్రాణం తీసుకున్నాడని ఆ మాటకు అర్థం చెబుతారు. విలస శాసనంలో రాజు మరణంతో పాటు రైతు గోడు కూడా ఉంది. పండించినదంతా లాక్కుపోతుంటే ధనిక పేద తేడా లేకుండా కుటుంబాలు చితికిపోయాయని అందులో రాశారు. మనకు ఈ యుద్ధంలో ప్రజల కష్టం గురించి మన వైపు నుంచి మిగిలిన రాత అదొక్కటే అన్నా తప్పులేదు. చదువుకున్న ప్రతి తెలుగువాడూ ఒక్కసారైనా దాని అనువాదం వెతికి చదవాలి.

రాజుతో పాటు ఢిల్లీకి తరలించిన బందీల్లో ఇంకొకడున్నాడు. అతని కథ లేకుండా ఈ కోట చరిత్ర పూర్తి కాదు. ఢిల్లీ చరిత్రకారుడు అఫీఫ్ అతని అసలు పేరు కన్ను అని రాశాడు. తెలంగాణ మనిషి, రాజు దగ్గర పెద్ద హోదాలో ఉన్నవాడు. మన చరిత్రకారులు పలువురు ఇతన్ని నాగయ గన్న సేనానిగా గుర్తిస్తారు. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితం ఇచ్చింది ఆ గన్నసేనానికే. తెలుగులో ఒక పురాణానికి కృతిభర్త అయిన మనిషి ఢిల్లీకి బందీగా వెళ్ళి, మతం మారి, మాలిక్ మక్బూల్ అయ్యాడు. కొంతకాలానికి పాలకుడి హోదాలో ఓరుగల్లుకే తిరిగి వచ్చాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో సామ్రాజ్యానికే వజీరు, అంటే ప్రధానమంత్రి అయ్యాడు. పర్షియన్ చదవడం, రాయడం రాకపోయినా తెలివితో రాజ్యం నడిపాడని అఫీఫ్ మెచ్చుకున్నాడు. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో ఆయన సమాధి ఉంది. ఎనిమిది పలకలుగా కట్టిన సమాధుల్లో ఢిల్లీకి అదే మొదటిదంటారు. ఖాన్-ఇ-జహాన్ తిలంగానీ సమాధి అనే దానికి పేరు. ఇళ్ళ మధ్య ఇరుక్కుని, ఆక్రమణలకు గురై ఉంది. ఢిల్లీ వెళ్ళే మన తెలుగువాళ్ళు హుమాయూన్ సమాధి చూసి, దానికి కూతవేటు దూరంలో ఉన్న మన ఓరుగల్లు మనిషి సమాధిని చూడకుండానే తిరిగి వస్తారు.

ఇప్పుడు మళ్ళీ తోరణాల దగ్గరికి వద్దాం. గుడిని కూల్చినవాళ్ళు తోరణాలను ఎందుకు వదిలేశారు? వాటి మీద దేవతా విగ్రహాలు లేవు, అందుకే బతికాయని చాలామంది చెబుతారు. నిజమే, పద్మాల మొగ్గలు, హంసలు, మకరాలు, లతలు తప్ప వాటి మీద దేవుడి బొమ్మ కనబడదు. కానీ దక్కను చరిత్రను ఏళ్ళ తరబడి పరిశోధించిన ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ ఇంకో కారణం చూపారు. గుడి ఉన్న చోట తుగ్లకులు పెద్ద మసీదు కట్టారని, దానికి వాకిళ్ళుగా ఈ తోరణాలను కావాలనే నిలిపారని వాళ్ళ వాదన. దగ్గరలోనే ఉన్న ఖుష్ మహల్‌ను చూస్తే ఆ వాదనకు బలం కనిపిస్తుంది. లోపలికి వాలిన గోడలు, ఎత్తైన కమానులతో అది అచ్చం తుగ్లకుల పద్ధతి కట్టడం. చాలాకాలం దాన్ని పదహారో శతాబ్దపు పాలకుడు షితాబ్ ఖాన్ కట్టించాడని చెప్పుకున్నారు. అది ఓరుగల్లు పడిపోయిన కొత్తలోనే కట్టిన దర్బారు అని ఈ పరిశోధకులు అంటారు. నాకు వాళ్ళ మాటే సమంజసంగా తోస్తుంది. కాకతీయుల కేంద్రం ఎంత గొప్పదో గెలిచినవాడికీ తెలుసు. అందుకే దాన్ని పూర్తిగా చెరిపేయకుండా, తన అధికారానికి వాడుకున్నాడు. ధ్వంసం చేసినదీ, నిలిపినదీ ఒక్క చెయ్యే.

ఆ తరువాత కథ క్లుప్తంగా చెబుతాను. ముసునూరి కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. ఆయన తరువాత రేచెర్ల వెలమలు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు. చేతులు మారుతూనే ఉంది. షితాబ్ ఖాన్ 1504లో ఇక్కడ మళ్ళీ విగ్రహాలను ప్రతిష్ఠించినట్టు శాసనం వేయించాడు. కోటలోని శంభుని గుడిలో ఈనాటికీ పూజలు జరుగుతున్నాయి.

మధ్యకోటలో ఆ గుడి జాగాలో ఇప్పుడు ఏముంది? విరిగిన స్తంభాలు, పగిలిన పైకప్పు పలకలు, తలలు లేని ద్వారపాలకులు, ముక్కు చెదిరిన ఏనుగులు, వరుసలు తప్పిన హంసల పట్టీలు. తవ్వకాల్లో బయటపడిన వాటిని పురావస్తు శాఖవారు బారులు తీర్చి నేల మీద పెట్టారు. కొన్నింటిని ఖుష్ మహల్ లోపల ఉంచారు. వచ్చినవాళ్ళు తోరణం కింద నిలబడి ఫొటో దిగి, ఆ రాళ్ళ మీద కూర్చుని తినుబండారాలు తిని వెళ్ళిపోతారు. అవి కూర్చోవడానికి పెట్టిన బల్లలని అనుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. అవి ఏమిటో, ఎందుకిలా పడి ఉన్నాయో తెలిసేలా ఎవరైనా చెబితే కదా?

ఈ గుడిని మళ్ళీ నిలబెట్టాలని కొందరు మిత్రులు అంటారు. వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ నేను ఒప్పుకోను. జపాన్‌లోని హిరోషిమాలో 1945 ఆగస్టు 6న అణుబాంబు పడ్డ చోట ఒక గుమ్మటం భవనం అస్థిపంజరంలా మిగిలింది. చూస్తే గుండె తరుక్కుపోతోంది, కూల్చేద్దామన్నవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. చివరికి 1966లో నగర సభ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలని తీర్మానించింది. పడిపోకుండా ఆసరాలు పెట్టారు తప్ప కొత్త గోడ కట్టలేదు, కొత్త కప్పు వేయలేదు. 1996లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కొత్తగా కట్టి ఉంటే అది ఇంకో భవనం అయ్యేది. అక్కడ ఏం జరిగిందో ఏ పిల్లవాడికీ తెలిసేది కాదు. మన మధ్యకోటలో పగిలిన రాయి ఏడు వందల ఏళ్ళుగా ఇస్తున్న సాక్ష్యం అలాంటిదే. దాన్ని సిమెంటుతో అతికితే నోరు మూసినట్టే.

ఇంకో వైపు నుంచి వచ్చే మాటనూ నేను ఒప్పుకోలేను. ఈ శిథిలాలను చూపించి, ఇదిగో వాళ్ళు చేసింది అంటూ పక్కింటి మనిషి వైపు వేలు చూపే ధోరణి ఒకటి పెరుగుతోంది. ఏడు వందల ఏళ్ళ కిందటి సుల్తాను దండుకూ, ఇవాళ కోటలో మన పక్కన బతికే మనిషికీ ఏం సంబంధం? ఆ దండును నడిపినవాడు తరువాత ఢిల్లీ జనాన్ని దౌలతాబాదుకు తరలించి సొంత ప్రజలనే అల్లాడించాడు. రాజుల యుద్ధాల్లో నలిగిపోయింది ఏ మతంలోనైనా సామాన్యుడే. విధ్వంసాన్ని దాచకుండా చెప్పాలి. గుడిని కూల్చారన్న మాట నీళ్ళు నమలకుండా చెప్పాలి. దానితో పాటే గన్నసేనాని కథా చెప్పాలి, ఖుష్ మహల్ కథా చెప్పాలి.

యుద్ధం, హింస మిగిల్చిన చోట్లు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ 2003లో అమరధామం కట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి బైరాన్‌పల్లి మీద పడ్డారు. భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టడానికి ఇంకా మూడు వారాలు కూడా లేవు. చాలాకాలం వరంగల్ జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి జనం కాపలా కాసిన బురుజు ఇంకా నిలిచే ఉంది. ఆ బురుజు దగ్గర ఏం జరిగిందో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. పెద్దలు చెప్పారు, ఏటా గుర్తుచేసుకుంటారు. ఖిలా వరంగల్ గోడ మీద ఏం జరిగిందో మన నగరంలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

కోటను కాపాడే పని సులువైంది కాదని నాకు తెలుసు. ఖిలా వరంగల్ ఖాళీ కోట కాదు, బతికున్న ఊరు. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అంటూ వేలమంది తరతరాలుగా ఉంటున్నారు. రాతికోటకూ మట్టికోటకూ మధ్య పొలాలున్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో సవరణ వచ్చింది. దాని ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తరువాతి రెండు వందల మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలి. కూలిన గోడ కట్టుకోవడానికి, కొడుకు పెళ్ళికి ఒక గది వేసుకోవడానికి కోటలోని పేదవాడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈ బరువు వాళ్ళొక్కరే మోయడం న్యాయం కాదు. అనుమతులు త్వరగా తేల్చే ఏర్పాటు కోటలోనే ఉండాలి. పర్యాటకం వల్ల వచ్చే ఉపాధి ముందు ఆ ఇళ్ళవాళ్ళకే దక్కాలి. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, సంతోషం. 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కిన కాకతీయ కట్టడాల్లో రామప్పతో పాటు ఓరుగల్లు తోరణాలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి కూడా ఉన్నాయి. ఆ గుర్తింపు కోటకూ రావాలంటే మట్టికోట నిలవాలి. రాతిగోడను అందరూ చూస్తారు. ఉక్కు బరిసె దిగని ఆ మట్టిగోడను మాత్రం మట్టిదిబ్బ అనుకుని తవ్వుకుపోతే అడిగేవాళ్ళుండరు. నా లెక్కలో ఈ కోటలో ముందు కాపాడవలసింది దాన్నే.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లలను విహారానికి కోటకు తీసుకువచ్చినప్పుడు తోరణం దగ్గరే ఆపేయకండి. రాతికోట మెట్ల మీద కూర్చోబెట్టి 1310, 1318, 1323 ముట్టడుల కథ చెప్పండి. ఎత్తు నుంచి మట్టికోట వంపు చూపించండి. ఆ అయిదు నెలలు లోపల ఉన్న మనుషులు ఏం తిని ఉంటారో పిల్లలనే ఊహించి రాయమనండి.

కోటలో నివసించే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఇంకో విన్నపం. పునాది తవ్వుతున్నప్పుడు, బావి పూడిక తీస్తున్నప్పుడు, పొలం దున్నుతున్నప్పుడు చెక్కిన రాయి గానీ, రాతలున్న పలక గానీ బయటపడితే దాన్ని మెట్టుగానో, గడపగానో వాడకండి. కొనేవాడు డబ్బు ఆశ చూపినా ఇవ్వకండి. దొరికిన చోటే కదపకుండా ఉంచి, తహసీల్దారుకో పురావస్తు శాఖవారికో కబురు చేయండి. కూల్చిన ఆ గుడి రాళ్ళు ఎన్నో ఇంకా ఈ నేలలోనే, ఈ గోడల్లోనే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి అప్పగించగలిగింది మీరే.